ఇక్కడే అంటే

అందరూ నన్ను పైలట్ అంటారు.
నడిపేది మాత్రం నూట ఎనిమిది బండి,
హనుమంతవాక జంక్షన్లో, రాత్రి డ్యూటీ.

రెండూ పదికి ట్యాబ్ మీద వచ్చి పడింది
ఒక నీలం గుండ్రం.
అందులో ఎక్కడో ఒక ముసలామెకి ఊపిరాడటం లేదట.
గుండ్రంలో సగం సముద్రం.
మిగతా సగంలో కైలాసగిరి, పెదజాలారిపేట పడవలు,
విశాలాక్షినగర్ అపార్ట్‌మెంట్లు, పట్టా కప్పిన టిఫిన్ బళ్ళు,
నిద్రపోతున్న ఓ పదివేల గుమ్మాలు.
టవర్‌కి తెలిసింది అంతే:
ఎవరో పిలిచారు.

ఫోన్ చేశాను. పిల్లాడు ఎత్తాడు.
"ఎక్కడ నాన్నా?"
"ఇక్కడే."
"ఇక్కడే అంటే?"
"మా ఇంటికాడే. బేగి రండి."

పద్నాలుగేళ్ళ సర్వీసులో
ఈ ఊళ్ళో నేను ఎక్కువసార్లు విన్న అడ్రసు అదే.
భయపడ్డవాడికి లోకమంతా ఇక్కడే,
తన మంచం, తన బల్బు, తనవాళ్ళ నోటి నురగ.
వీధి పేరు గుర్తుండేది నిమ్మళంగా ఉన్నవాళ్ళకి.

గుర్తులు అడిగాను.
నీళ్ళ ట్యాంకు అన్నాడు. ఏ కాలనీకి లేదు?
రామాలయం అన్నాడు. అదీ అంతే.
అప్పలకొండ కొట్టు అన్నాడు,
దాని షట్టర్ మీద పేరుండదు.
గుండ్రాన్ని నమ్మి
బీచ్ రోడ్డు వైపు పోనిచ్చాను బండి.
పక్కన ఝాన్సీ ఆక్సిజన్ మాస్కు ఒళ్ళో పెట్టుకుని
ఏమీ అనకుండా కూర్చుంది.
"ఛార్జింగ్ నాలుగే ఉంది," అన్నాడు పిల్లాడు.

అప్పుడు అడిగాను, ఎందుకు అడిగానో నాకే తెలీదు:
"ఏటి వినిపిస్తంది నీకు అక్కడ?"
"నాయనమ్మ గురక లాంటిది."
"ఇంకా?"
"కుక్కలు."
"ఇంకా?"
కాసేపు ఆగి, రోజూ వినేదేదో చెప్పినట్టు,
"సింహం."

జూ!
కొండకి ఇటు కాదు, అటు. ఆరిలోవ.
ఇవతలి టవర్ ఏదో
కొండ వెనకాల ఫోన్‌ని చెయ్యి చాచి పట్టుకుంది.
గుండ్రంలో చిలకమ్మ అసలు లేనే లేదు.

బండి తిప్పాను. పదకొండు నిమిషాలు పోయాయి.
బతికింది లెండి.
కేజీహెచ్‌లో మూడోరోజు టీ అడిగిందట,
పంచదార చాల్లేదని తిట్టిందట.
అయినా ఆ పదకొండూ ఎవరి ఖాతాలో రాయాలో
నాకింకా తేలలేదు.

మీటింగ్ పెట్టారు. ఏసీ హాలు, సమోసాలు.
ఫణిభూషణ్ అనే ఇంజనీరు గోడ మీద బొమ్మలేసి
చాలాసేపు చెప్పాడు.
నన్నూ మాట్లాడమన్నారు.
నాకొచ్చింది ఒక్క ముక్కే:
"బిరియానీ తెచ్చే కుర్రాడికి తెలిసే గుమ్మం
నాకెందుకు తెలీదు సార్?"
వెనక ఎవరో నవ్వారు.
ఫణిభూషణ్ నవ్వలేదు. రాసుకున్నాడు.

వానలు వెళ్ళాక కొత్తది వచ్చింది.
ఇప్పుడు నంబరు నొక్కగానే
ఫోనే ఆకాశాన్ని అడిగి తన చోటు తాను చెబుతుంది,
గొంతు పెగలనివాళ్ళ తరఫున కూడా.
గుండ్రం చిక్కిపోయింది. పెరడంత. ఒక్కోసారి మంచమంత.
బొత్తాల ఫోన్లవాళ్ళకి మాత్రం
ఇంకా సగం సముద్రమే.

మొన్న మళ్ళీ ఆరిలోవ.
చుక్క నేరుగా కొండవాలు మీద వెలిగింది.
ఎవర్నీ ఏమీ అడగలేదు,
అలవాటుకొద్దీ చెవి మాత్రం సింహం కోసం వెతికింది.
సందు చివర బండి ఆగిపోయింది.
అక్కణ్ణుంచి మెట్లు.
చుక్కకి ఎత్తు తెలీదు.
పైనెక్కడో చీకట్లో టార్చి ఊపుతూ ఒక గొంతు:
"ఇక్కడే బాబూ, ఇక్కడే."

నూట ముప్పయ్యారు.
దిగేటప్పుడు లెక్కపెట్టింది ఝాన్సీ,
స్ట్రెచర్ తలవైపు పట్టుకుని.