తెల్లారుజాము గాలి

ఏరేటర్లు ఆగితే నాకు మెలకువొస్తుంది.
చప్పుడుకి కాదు, చప్పుడు లేనందుకు.
మైపాడు రోడ్డు దిగి
రెండు గుంటలు దాటితే మా ఇల్లు.
తెల్లారుజామున నీళ్లలో గాలి పలచబడే వేళ
కరెంటు పోయిందంటే
మూడు లక్షల రొయ్యల ఉక్కిరిబిక్కిరి
ముందు నా ఒంటికే తెలుస్తుంది.

నా ఊపిరి సంగతి మాత్రం
వెంగమ్మకి తెలుసు. నాకు తెలీదు.
"గురక పెడతాడు, పెడతాడు, ఠక్కున ఆగిపోతాడు.
ముక్కు కింద వేలు పెట్టి చూస్తా.
ఒకటి, రెండు, మూడు... పద్దెనిమిదికి
మునిగిన బొక్కెన పైకొచ్చినట్టు లేస్తాడు"
పోగతోటలో డాక్టరమ్మకి చెప్పింది.
ఇంట్లో ఒక్కనాడూ చెప్పలా.
చాప చుట్టుకుని వరండాలోకి పోతే
గురక పడలేక అనుకున్నా.
లెక్క పెట్టలేకంట.

ఒళ్లంతా వైర్లు అంటించి
ఒక రాత్రి పడుకోబెట్టినారు.
గంటకి నలభై ఒక్కసారి ఆగిందంట.
బస్సులో ఇంటికొస్తా లెక్కేసినా,
రాత్రికి మూడొందలు పైమాటే.
ఇన్నిసార్లు పోయి ఇన్నిసార్లు తిరిగొచ్చే మనిషికి
పొద్దున్నే తలనొప్పి రాక ఏమొస్తుంది.

మిషను తెచ్చిన చెంచు కిశోరు
మూడు మాస్కులు పెట్టి తీసి
నాలుగోది బిగించి
"మీసం సార్, గాలి లీకవతా ఉంది" అన్నాడు.
ఈ మీసం నా పెళ్లి ఫొటోలో ఉంది.
"రొయ్యకి లేదా బారెడు మీసం, తీసెయ్"
వంటింట్లోంచి వెంగమ్మ.

మొదటి రాత్రి
తుఫాను దారి తప్పి నా ముక్కులోకొచ్చింది.
మంచినీళ్లు అనబోతే
బుస్సుమంది నోరు.
పన్నెండింటికి మొహం మీదున్న మాస్కు
పొద్దున మంచం కింద
చెప్పుల మీద దొరికింది.
ఎప్పుడు పీకేసినానో.
రెండో రాత్రి గంటన్నర.
మూడో రాత్రి అసలు పెట్టలా.
వెంగమ్మ అడగలా.

"ఈ వారం నిద్రకి పెట్టొద్దు సార్,
మెలకువకి పెట్టండి" అన్నాడు కిశోరు ఫోన్లో.
"టీవీ చూస్తా పెట్టండి.
పట్టీ కింద వేలు దూరాలి, బిగించబాకండి."

మాస్కుతో వార్తలు చూస్తా కూర్చుంటే
డీజిలు డబ్బులకొచ్చిన పోలయ్య
గడప దగ్గరే బిగుసుకుపోయినాడు.
ఏమైంది సామీ, అని ఏడవబోయినాడు.
మాస్కు తీసి ఒకటే మాట చెప్పినా:
ఏరేటరురా.
వాడు పెట్టెని చూసి, గొట్టాన్ని చూసి, నన్ను చూసి
"ఎన్ని హెచ్‌పీ?" అన్నాడు.

ఆ మాటతోనే నాకూ తెలిసొచ్చింది.
కొత్త సీడు వదిలిన నాళ్లలో
ఒక్క ఫ్యానే తిప్పుతాం.
పిల్ల గదా, సుడికి బెదురుతుంది.
గాలి నాలుగులో మొదలెట్టి
మెల్లగా పెంచమని డాక్టరమ్మ ఎందుకు చెప్పిందో.
యాభై మూడేళ్ల పిల్లని నేను.

తొమ్మిదో రాత్రో పదో రాత్రో
కరెంటు పోయింది.
అదే నిశ్శబ్దం. ఈసారి నా మొహం మీద.
మాస్కు లాగేసి చీకట్లో కూర్చున్నా.
గెనిమ మీద పోలయ్య టార్చి పరిగెత్తింది.
జనరేటరు దగ్గి, దగ్గి, అందుకుంది.
వాటికి గాలొచ్చింది.
నాకు రాలా.
ఇన్నేళ్లలో ఆ వైరు
ఇంటిదాకా లాగాలని తోచలా నాకు.

మర్నాడు ముప్పై మీటర్లు కొన్నా.
బుగ్గల మీద ఇంకా
ఎండ్రకాయ నడిచిన గీతలుంటాయి పొద్దున.
కొన్ని రాత్రులు ఇప్పటికీ పీకేస్తా.

నిన్న మూడు దాటినాక
వరండాలోంచి చాప లోపలికొచ్చింది.
కళ్లు తెరవలా నేను.
వేలు ముక్కు కిందికొచ్చి
ప్లాస్టిక్కు తగిలి తడబడి
మాస్కు ముందరి చిల్లుల దగ్గర ఆగింది.
ఒకటి, అంది.
రెండు.
ఏడు దాకా విన్నా.
తర్వాత ఆమె ఆపిందో
నేను నిద్రపోయినానో.