నీళ్ళు సమానమయ్యాక

చెప్పులు గుమ్మంలో పెట్టమని
పొద్దుట్నించీ ఇది పదకొండోసారి.
నేను లెక్కపెట్టలేదు, వాడు పెట్టాడు.
నాలుగేళ్ళు, అంకెలు కొత్త.
చేతివేళ్ళు చాలక
కాలి బొటనవేలు కూడా కలుపుకుని
"పదకొండమ్మా" అన్నాడు గర్వంగా.

నా చేతులెప్పుడూ పిండినీళ్ళలో ఉంటాయి.
బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట,
గుడ్డ ముంచి ఒక్క లాగు లాగితే
ఆవిరితో పాటు రేకు లేవాలి.
నేను లేవలేను కనక అరుస్తాను.
పాకలోంచి వాకిట్లోకి,
వాకిట్లోంచి కాలవ గట్టు మీదికి
నాకు బదులు నా గొంతు నడిచెళ్తుంది.

మొదటి పిలుపు వాడికి గాలి.
రెండోది పక్కింటి దుర్గాంబ గారి టీవీ.
మూడోదానికి తల తిప్పుతాడు,
నా మొహం ఎంత ఎర్రబడిందో చూడ్డానికి.
అయిదోదాకా అమ్మ నిజం కాదు.
ఈ లెక్క వాడికెవరు నేర్పారు?
నేనే. రోజూ. ఎంతో ఓపిగ్గా.

ఆ సాయంత్రం నా అరుపుకి నా చెయ్యే అదిరి
వరసగా అయిదు రేకులు చిరిగాయి.
నాన్న అరుగు మీద వక్క కత్తిరిస్తున్నాడు.
ముప్పయ్యేళ్ళు లాకుల మీద లస్కరు,
చెవుడొచ్చాక ఉన్న రెండు మాటలూ తగ్గించినవాడు.
"ఎగువ నీళ్ళు ఎత్తున, దిగువ నీళ్ళు పల్లాన ఉంటే
నలుగురం తోసినా తలుపు కదిలేది కాదమ్మాయ్.
చిన్న తూము ఎత్తి కూచునేవాళ్ళం.
పడవలోళ్ళు తిట్టేవోరు.
ఉప్పు పడవకీ తొందరే, పెంకు పడవకీ తొందరే.
రెండు నీళ్ళూ ఒక మట్టానికొచ్చాక
పసిపిల్ల తోసినా తెరుచుకునేది.
వీడంత ఉన్నప్పుడు నువ్వు తోశావు, గుర్తులేదా?"

గుర్తులేదు.
అరచేతులకంటిన తుప్పు వాసన మాత్రం ఉంది.

మర్నాడు మంట తగ్గించి లేచాను.
ఈ లేవడమే కష్టం, ఒక రేకు పోతుంది.
కొంగుకి చేతులు తుడుచుకుంటూ వెళ్ళి
వాడి పక్కన మోకాళ్ళ మీద కూచున్నాను.
అక్కణ్ణించి చూస్తే
అది చెప్పు కాదు, పంటు.
రెండు చీమలూ ఒక జామపిందే
అవతలి రేవుకి వెళ్తున్నాయి.
అందరూ దిగేదాకా ఆగాను.
"ఇంక పంటుని గుమ్మంలో కట్టెయ్యాలి" అన్నాను,
ఒక్కసారి.
నోరు మూసుకున్నాను.
అబ్బ, ఎంత పొడుగో ఆ ఊరుకోవడం!
రెండో మాట నాలిక మీద
కాలుగాలిన పిల్లిలా తిరిగింది.
వాడు నా మొహంలోకి చూశాడు,
మిగతా పదీ ఎక్కడని.
రాలేదు.
లేచి పెట్టాడు.
ఎడమది కుడి వైపు. పోనీ.

అన్ని రోజులూ ఇలా తెల్లారవు.
బంతితో అన్నం గిన్నె తన్నినప్పుడు
"మెతుకులెత్తేదాకా బంతి అటక మీదే" అన్నాను మెల్లిగా.
బొర్లాడి ఏడ్చాడు, తాతని పిలిచాడు.
తాతకి వినపడలేదు, వినపడనట్టున్నాడో.
రెండ్రోజులు బంతి అక్కడే.
రాత్రి నాకే జాలేసి ఒకసారి దించి
చూసి, మళ్ళీ పెట్టేశాను.
ఇంకో రోజు కరెంటు బిల్లు మీద కోపం
వాడి మీద అరిచాను.
తర్వాత వెళ్ళి తప్పు నాదన్నాను.
"పర్లేదులే" అన్నాడు,
అచ్చం మా నాన్నలా, ఎటో చూస్తూ.

ఇవాళ కాలవ వదిలారు.
ఎర్రనీళ్ళు మూడో మెట్టెక్కాయి.
పంటులోంచి జామపిందె జారింది,
దాని వెనకే వాడు వంగాడు,
నాచు మెట్టు మీద.
నేను పాకలో, చేతులు పిండిలో.
"లోహిత్!"

వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.
చెయ్యి గాల్లో, నీళ్ళకి జానెడు దూరంలో.
గట్టు మీద గేదె కూడా ఆగి చూసింది.

పరిగెత్తి ఎత్తుకున్నాను. ఏమీ అనలేదు.
వాడి చొక్కా నిండా నా పిండి చేతులు.
వెనక కుండ మీద రేకు మాడిన వాసన.
కాసేపటికి నా చెవిలో
"ఒక్కసారే పిలిచావేంటమ్మా?" అన్నాడు.