ఎక్కడ దుఃఖం

సిరోంచ బస్టాండుల ఐదింటి ఎస్టీ బస్సుకు
ఎడమదిక్కు నాలుగో సీటు నాది.
ఎవరూ రాసియ్యలే.
కండక్టరు మడావి టవలేసి ఉంచుతడు.
చక్రం మీది సీటయితే
నా తుంటి ఎముక ఆలాపల్లి దాకా
ప్రతి గుంతనూ పేరు పెట్టి పిలుస్తదని ఆయనకెరుకే.

రోజుకు మూడు లీటర్లు తాగుమంటరు.
తాగితే నెత్తురు అడ్డం పడకుండ నడుస్తదట.
తాగితే బస్సు ఆపాలె.
ఆపితే టేకుచెట్ల నడుమ
నలభై మంది కండ్లు నా వీపు మీద.
అందుకని గుక్కల లెక్క నేర్చుకున్న:
బామ్ని దాటినంక ఒకటి,
జిమ్మలగట్టల చాయకు ఆపుతరు, ఆడ సగం సీస,
రేపనపల్లి నుంచి పెదవి తడుపుడే.
ఇది ఏ చీటీల రాసి లేదు.

"కుఠే దుఖ్తయ్?"
అహేరి దవాఖానల కొత్త డాక్టరమ్మ.
పదకొండేండ్ల సంది ఇంటున్న మాటే,
ఎక్కడ నొస్తున్నదని.
అయినా నా తెలుగు చెవి ప్రతిసారి మోసపోతది.
ఎక్కడమ్మా నీ దుఃఖం, అని అడిగినట్టే ఇనపడతది.
ఒక్క నిమిషం ఆగుత.
మోకాలు చూపిస్త.

నా నెత్తురు చుక్క అద్దం కింద పెడితే
కొడవళ్ల తీరు వంగి ఉన్నదన్న నాడు
మా అవ్వ చూరుల చెక్కిన కొడవలి తీసి
చేదబాయిల పారేసింది.
కోతల నెలల నిన్ను మోసుకుంట వంగిన, గందుకేనేమో అని
ఇప్పటికీ అడుగుతది, జవాబు కోసం కాదు.
అయ్య నుంచి సగం, నీ నుంచి సగం వచ్చిందే అని చెప్పిన.
తమ్మునికి పొలమూ వచ్చింది, మంచి నెత్తురూ వచ్చింది
అని కూడ అన్న, కోపంల.
కోపం పోయింది. మాట ఇంట్లనే ఉన్నది.

నంబరు యాభై రెండు.
ఇప్పుడు పదిహేడు నడుస్తున్నది.
సంచిల నుంచి సమ్మక్క చీర తీసి ఫాల్ కుడత.
బుధారం బట్టలియ్యనని మా వాడకట్టుకు తెలుసు.
కిందటేడు ఈ బెంచి మీదనే
పద్నాలుగు చీరలు, ఒక లంగా.
వేళ్లు ఉబ్బిన నాడు సూదిల దారం ఎక్కది.
తలాండి సూరజ్ ఎక్కిస్తడు.
పన్నెండేండ్లోడు, నా అసోంటి నెత్తురే.
వాళ్ల నాయినమ్మకు మరాఠీ రాదు, తెలుగు రాదు,
తునికిపండ్లు నా కొంగుల పోసి ఊకుంటది.
"అక్కా, మన నెత్తురు మనకే ఎట్ల గుచ్చుకుంటది?"
అన్నడు వాడు, పోయిన నెల.
దారం కొనకు ముడెయ్యమన్న.
గట్టిగ ఏసిండు.

ఒక చలిరాత్రి ప్రాణహిత వంతెన దాటి
జీపుల పడుకోబెట్టి మంచిర్యాలకు కొంచవోయిండ్రు.
ఆడ తెలుగులనే అడిగిండ్రు, ఎక్కడ నొప్పి అని.
పానం లేచొచ్చినట్టయింది.
కార్డు చూసి, "మీది అవతల గదమ్మా" అన్నరు.
మా ఇంటి నుంచి చూస్తే
అవతలంటే వాళ్లదే.
డబ్బులు కట్టినంక సూదేసిండ్రు.
మా ఆయన బానయ్య ఆ రశీదును
ఇప్పటికీ రేషన్ కార్డుల మడిచి దాసుకున్నడు,
ఎవరికి చూపెట్టనీకో.

పుఢ్చీ తారీఖ్, అంటది నర్సు తలెత్తకుండ,
తేదీ ముద్ర కొడతది.
ఆ నెల బుధారం నా చెల్లె బిడ్డ తొట్టెల పండుగ.
మార్చుమని అడుగుదామనుకుంట.
వెనక యాభై మూడో నంబరు
నా భుజం మీద చెయ్యి పెట్టి నిలబడ్డది, నొప్పికి.
జరుగుత.

రాత్రి తొమ్మిదింటికి బస్సు దిగి
ఇంటి ముంగట చెప్పులిడిచి
మాత్రల పొట్లం గూట్ల పెట్టి,
ఎవరన్న ఏమన్న అడగకముందే
కుండల చెంబు ముంచి
నిలబడే తాగుత.
గొంతు మీది నుంచి కారి రైక తడిసినా
లెక్కపెట్టకుండ.