అతిమధురం

కోల్డ్ స్టోరేజీ గోడ పక్కన పుట్టింది కదా,
దానికి ఘాటంటే లెక్కలేదనుకున్నాను.
ఏటుకూరు రోడ్డులో పిల్లులు తుమ్మవు,
మనుషులమే తుమ్ముతాం.
అట్లాంటిది, చేపముక్క ముందు పెడితే
నిప్పుని వాసన చూసినట్టు చూసి
వెనక్కి నడిచింది.

మామిడి తాండ్ర రంగని తాండ్ర అని పిలిచాం.
పేరు పెట్టిన పాపమేమో అన్నాడు ఏసోబు,
దానికి చక్కెర జబ్బని తేలిన రోజు.
ఆయనకీ అదే జబ్బు.
వాయిదాల ఫ్రిజ్జు తలుపులో రెండు ఇన్సులిన్ సీసాలు,
ఒకటి ఇంటి పెద్దది, ఒకటి చిన్నది.
పెద్ద ఎవరో ఇంకా తేలలేదు.

నజీమున్నీసా డాక్టరమ్మ నోరు తెరిచి చూపించింది.
చిగుళ్లు తేజా కాయల్లా.
రోజుకి ఎన్ని వేల కాయలు చూస్తానో,
ఆ ఎరుపు మాత్రం చూడలేకపోయాను.
"వాపు తగ్గే మందిస్తే చక్కెర ఎక్కుతుంది.
పళ్లు పీకాలి. షుగరు దిగనీ, అప్పుడు."
అప్పటిదాకా?
ఆ మాటకి మందుల చీటీలో చోటు లేదు.

ఫిబ్రవరిలో కాయ కొనడానికి చైనా వాళ్లొస్తారు.
లిన్ అనే ఆవిడ కాయ విరిచి,
గింజ నాలుక మీద పెట్టుకుని,
కళ్లు మూసుకుని ధర చెబుతుంది.
బస్తా మీద సొల్లు కారుస్తూ పడుకున్న తాండ్రని చూసి
ఆ రోజు ధర చెప్పడం మర్చిపోయింది.

మార్చిలో మళ్లీ వచ్చి నా చేతిలో పెట్టింది:
నల్లటి మాత్రలు, ఒక పొడి పొట్లం.
పొట్లం మీద రాత నాకు రాదు.
తెలుగే కూడబలుక్కుంటాను కాబట్టి సిగ్గుపడలేదు.
మాత్ర విరిస్తే జిగురు. ఏసోబు నాకి చూశాడు.
"తేనె! దానికీ వద్దు, నాకూ వద్దు"
అంటూనే ఇంకోసారి నాకాడు.

పొడి పట్టుకుని లాలాపేట వెళ్లాను,
మూలికల కొట్టు ఖాసిం సాయిబు దగ్గరికి.
దుబాసీ రెహమతుల్లా ఫోన్లో పేర్లు చదువుతుంటే
సాయిబు వేళ్ల మధ్య నలిపి చూశాడు.
"ఇది మన మానుపసుపుకి చుట్టం, చేదు.
ఇదేమో... ఓసి, అతిమధురమే!"
చక్కెర జబ్బు పిల్లికి అతిమధురమా ప్రభువా!
కొట్టు మెట్ల మీద కూర్చుని నవ్వాను.
నవ్వు ఎక్కడ మలుపు తిరిగిందో
సాయిబు మంచినీళ్లు తెచ్చేదాకా తెలియలేదు.

డాక్టరమ్మ పొట్లం అటూ ఇటూ తిప్పింది.
"పనిచేస్తుందని నేను చెప్పను.
గోరంత పెట్టు, రోజూ రక్తం చూడు.
ఇన్సులిన్ మానావో, నా గుమ్మం ఎక్కకు."

ఇక చేతుల సంగతి.
పొద్దుట ఎనిమిది నుంచి తొడిమలు తీసే వేళ్లు ఇవి.
మజ్జిగతో కడిగినా, ఆముదం రాసినా
రాత్రి కంట్లో నలక తీసుకోలేని వేళ్లు.
కన్నబిడ్డ బుగ్గ తుడవడానికి
పక్కింటావిణ్ని పిలుచుకున్న వేళ్లు.
వీటితో పుండైన నోట్లో మందు పూయడమా?

ఏసోబు పూశాడు.
తిమ్మిరెక్కి సూది గుచ్చినా తెలియని చిటికెన వేలితో.
తాండ్ర కొరికింది. రక్తం వచ్చింది.
ఆయన దాని మొహమే చూస్తున్నాడు.
"నా జబ్బు ఇన్నాళ్లకి ఒకరికి పనికొచ్చిందే" అన్నాడు,
గుడ్డ కట్టించుకుంటూ.

పదకొండో రోజు రెండు ముక్కల చేప తింది.
సూది వల్లో, పొడి వల్లో, ఆ వేలి వల్లో
నన్నడగొద్దు.
మర్నాడు మళ్లీ తినలేదు.
మట్టలాదివారం నాడు మొత్తం గిన్నె నాకింది.
పళ్లు పీకే తేదీ గోడ మీద అలాగే ఉంది,
డాక్టరమ్మ రాసింది, నేను కొట్టెయ్యలేదు.

నిన్న లిన్ ఫోన్లో కనిపించి నోరు చూపించమంది.
తాండ్ర దాని బుద్ధి పుట్టినప్పుడు ఆవలించింది.
అటువైపు ఆవిడ కాయని చూసినట్టే చూసి
ఒక్క ముక్క అంది.
రెహమతుల్లా నావైపు తిరిగాడు:
"రంగు తగ్గిందంట, కరుణమ్మా."

యార్డులో ఆ మాట వింటే మా గుండె జారుతుంది.
రంగు తగ్గితే ధర తెగుతుంది, కూలీ తెగుతుంది.
ఇరవై రెండేళ్లుగా ఆ మాటకి భయపడ్డదాన్ని.
"ఇంకోసారి చెప్పమను," అన్నాను.