స్టాపర్ బ్యాక్

రాత్రి టీవీలో పోలండు దేశం ఆట.
పేరుకి నోరు తిరగదు, పొడుగాటి డిఫెండరు,
ఇదే ఆఖరి మ్యాచంట.
బోర్డెత్తి బయటికి పిలిస్తే
స్టేడియమంతా లేచి నిలబడింది.
నడిచిపోతా ఉంటే వెనకనించి చూపించారు.
ఆ వీపు చూసినాక నాకు నిద్ర పట్టలా.

పదహారేళ్ళు నేను చూసింది యేసోబు వీపే.
గోల్‌కీపర్ని గదా, ఆటలో సగం నాకు అదే అడ్డం.
దారం ఊడిన నాలుగో నంబరు,
మెడ కింద చెమటలో దిగిన బొగ్గు చారలు రెండు.
బిట్రగుంట లోకో షెడ్డులో డ్యూటీ దిగి
క్యారేజీ గోలుపోస్టుకి తగిలించి
అట్టనే ఆడేవాడు.

"కాళ్ళు చూడబాకరా, కాళ్ళు బొంకతాయి.
నడుం చూడు" అనేవాడు.
గూడూరు టీములో ఒకడు, కొరమీను మాదిరి జారేవాడు,
వీడి ముందుకొచ్చి, ఎందుకో ఆగి,
బాలు వెనక్కిచ్చేసేవాడు.
దానికి చప్పట్లుండవు.
ఏమీ జరగలేదని ఎవురు కొడతారు చప్పట్లు?

కావలిలో ఫైనలు. వాయుగుండం వాన.
కార్నరు గాల్లోకి లేచింది. అది నా బాలు.
"నాదీ" అని అరవాల నేను.
అరిస్తే యేసోబు తల వంచి తప్పుకుంటాడు, అది మా లెక్క.
నోట్లో వాన నీళ్ళో, భయమో, గొంతు పెగల్లా.
వాడు ఎగిరాడు.
తల అంచుకి తగిలి, నా చేతులకింద నించి, వలలోకి.
వాడి జన్మకి ఒకే ఒక్క గోలు. మా మీదే.
తెల్లారి జిల్లా పేజీలో వాడి పేరు మొదటిసారి పడింది,
యాకోబు అని.
నన్ను మాత్రం ఒక్క మాటన్లా.

ఆవిరింజన్లు పొయినాయి. షెడ్డు పొయింది.
టీము ఏ రోజు పొయిందో ఎవురికీ తెలవదు.
ఇదే ఆఖరి మ్యాచని ఎవురన్నా చెబితే గదా
లేచి నిలబడేదానికి.

పొద్దున్నే తలమంచి గేటుకి పొయినా.
గేటేసి, పచ్చజెండా చాపి,
పట్టాలకెదురుగా నిలబడుండాడు,
కుడి మోకాలు రవ్వంత వంచి.
చెబుదామనే పొయినా.
ఇంతలో కృష్ణపట్నం బొగ్గు గూడ్సు.
ఆ మోతలో, ఇరవయ్యేళ్ళు ఆలస్యంగా,
"నాదీ" అని అరిచినా.

తిరిగి చూడలా.
తల వంచి
ఒక అడుగు పక్కకి జరిగాడు.

బండి పొయినాక
"ఏందిరా, లారీ ఏమన్నా వస్తా ఉండాదా?" అన్నాడు.