తూకం గడి

ఉలితౌ గడ్డిమైదానంలో
ఆకాశం అప్పుడప్పుడూ ఇనుము రాలుస్తుంది.
రాకెట్టు ఎగిరిన కాసేపటికి
వాడి పారేసిన తొట్టి ఒకటి
మాచిపత్రి పొదల్లో పడి
చిటపటమంటూ చల్లారుతుంది.
పొద్దున్నే దాన్ని ముక్కలుగా కోసి
నా దగ్గరికి తెస్తారు.
తూచి డబ్బిస్తాను. అదే నా బతుకు.

ఔబాకిర్ కోళ్ళగూటి కప్పు
మబ్బులకు పైన తిరిగొచ్చిన రేకు.
పిల్లలు మంచు మీద జారే బండి, అదీ అంతే.
మా ఊళ్ళో ఆకాశనౌక అంటే
తాకితే చెయ్యి కోసుకునే వస్తువు.

అందుకే సగిందిక్ ఆ మాట అన్నప్పుడు
ఉప్పు టీ గిన్నె కింద పెట్టి మరీ నవ్వాను.

'మందకు కాపలా ఉన్నాను. గాలి కూడా లేదు.
వెలుగొకటి వచ్చి నిలబడింది.
పడలేదు, పోలేదు.
నాలుగొందల గొర్రెలూ
తలలెత్తి ఒకే వైపు తిరిగాయి.'

'రాకెట్టే.'
'ఆ వారం ఏదీ ఎగరలేదు.'
'ఉపగ్రహం.'
'అది నడుస్తుంది. ఇది నిలబడింది.'
'వోడ్కా' అన్నాడు మూలనుంచి తెమిర్ఖాన్.
'కడుపు కోయించుకున్నప్పుడే మానేశాను,
ఆసుపత్రికి తోలుకెళ్ళింది నువ్వే కదరా!'

నేను ముందుకు వంగాను.
'పక్క జిల్లా నుంచి ఎగిరేవే
ఇంత చెత్త పోస్తున్నాయి మన నెత్తిన.
నక్షత్రాల అవతలి నుంచి వచ్చినవాళ్ళు
ఒక్క బోల్టు జారవిడుచుకోరా?
ఒక మేకు తే. గోరంత రేకు తే.
నా కాటా మీద పెట్టు, నమ్ముతాను.'

సగిందిక్ చాలాసేపు ఆలోచించాడు.
'వాళ్ళు మనకంటే శుభ్రమైన వాళ్ళేమో' అన్నాడు.

కొట్టంతా నవ్వు.
గుమ్మంలో నిలబడ్డ కుల్యాష్ మాత్రం నవ్వలేదు.
'ఆ రాత్రి నుంచీ లాంతరు ఆర్పనివ్వడు.
వారానికి మూడు లీటర్ల కిరసనాయిలు.
ఏం చూశాడో నాకు తెలీదు,
లీటర్లు తెలుసు.'

అది మాత్రం కొలతకొచ్చే సంగతే.
నా నోట మాట రాలేదు.

అలాగని నమ్మానా? లేదు. ఇప్పటికీ నమ్మను.
గొర్రెలు తలతిప్పడానికి తోడేలు చాలు,
మనిషి జడవడానికి శుక్రగ్రహం చాలు.
చూశానన్న ప్రతివాడి మాటకూ డబ్బిస్తే
కొట్టు మూసుకుని పోవాలి నేను.

కానీ అలవాటు చొప్పున
కొట్టు కట్టేముందు ఖాతా తీశాను.
తేదీ రాశాను. తెచ్చినవాడు: సగిందిక్.
సరుకు: వెలుగు.
తూకం గడిలో సున్నా వేయబోయి
కలం ఆగిపోయింది.
సున్నా అంటే
కాటా మీద పెట్టి చూశాక రాసేది.

ఆ గడి అలాగే ఉంది.
లెక్కలు చూసే అధికారి వచ్చి అడిగితే
సిరా అయిపోయిందని చెప్తాను.