ఆపడం మరిచిన యంత్రం

పుంటా అరేనాస్‌లో గాలి కిటికీని ఊపుతోంది.
యాస్నా బిల్లు తెరిచింది:
సెకనుకింత, గిగాబైటుకింత,
ఊరికే కూర్చున్నందుకూ ఇంత.

శుక్రవారం సాయంత్రం
హిమానీనదం కరిగే లెక్క దానికప్పజెప్పి
గొర్రెపిల్లను కాలుస్తున్నారంటే పరిగెత్తింది.
లెక్క ఎనిమిదింటికే తేలిపోయింది.
ఖాళీ యంత్రం మాత్రం మూడు రాత్రులు
దీపం పెట్టుకుని కూర్చుంది,
మీటరు తిరుగుతూనే.

తాత డ్రాగొమిర్ గ్యాసు మీటర్లు చూసేవాడు.
జూన్ చలిలో, బాలింత ఉన్న ఇంట్లో,
చివరి అంకెను బొటనవేలితో మూసి
సున్నా రాసుకునేవాడు.
కంపెనీకి తెలుసో లేదో.

దీనికి బొటనవేలు లేదు.
దశాంశం తర్వాత ఆరు అంకెలున్నాయి,
ఆరూ నిద్రపోనివే.

యాస్నా యంత్రాన్ని ఆపింది.
అది సర్దుకుని, సెలవు తీసుకుని
ఆగడానికి పట్టిన పదకొండు సెకన్లూ
వచ్చే నెల పద్దులో కనిపిస్తాయి.